ఇంటిపేరు విడిచిపెడితే: ఇద్దరు వీరభద్రరావులు, ఒక పరిశోధన పాఠం

మీ ప్రాజెక్టు పనికి తెలంగాణలో చరిత్ర రచన ఎలా మొదలైందన్న అంశాన్ని ఎంచుకున్నారనుకుందాం. వెనుకటి పాఠాల్లో చదివిన పేర్లలో ఒకటి మీకు గుర్తుంది, వీరభద్రరావు. గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చొని రచయిత అని ఉన్న గడిలో ఆ పేరు టైపు చేశారు. తెర మీద వరుసగా పుస్తకాలు వచ్చాయి: ఆంధ్రుల చరిత్రము, తిక్కన సోమయాజి, తిమ్మరుసు మంత్రి, రాజమహేంద్రపుర చరిత్రము, ప్రాచీనాంధ్ర నగరములు, మన తెలంగాణము. అన్నీ చరిత్రకు సంబంధించినవే. అన్నిటి ఎదురుగా ఉన్న పేరు వీరభద్రరావే. (ఇదే పేరును ఇంటర్నెట్‌లో వెతికితే జంధ్యాల సినిమాల్లో నవ్వించిన సుత్తి వీరభద్రరావు ముందు వస్తాడు. ఆయనను వేరు చేయడం మీకు కష్టం కాదు.) మిగిలినవన్నీ ఒక్కరే రాశారనుకొని నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నారంటే మీ వ్యాసం అక్కడే దారి తప్పిందన్నమాట.

ఈ పుస్తకాల వెనుక ఇద్దరు మనుషులు ఉన్నారు. చిలుకూరి వీరభద్రరావు 1872లో గోదావరి ప్రాంతపు రేలంగిలో జన్మించారు. పత్రికలు నడిపారు, రాజవంశాల చరిత్ర మీద జీవితాంతం పనిచేశారు, 'చరిత్ర చతురానన' అని పిలిపించుకున్నారు, 1939లో మరణించారు. ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం 1910లో వచ్చింది. తిక్కన సోమయాజి, తిమ్మరుసు మంత్రి, రాజమహేంద్రపుర చరిత్రము కూడా ఆయనవే. రెండవ వ్యక్తి ఆదిరాజు వీరభద్రరావు. 1890లో నేటి ఖమ్మం జిల్లా ప్రాంతంలోని మధిర దగ్గర దెందుకూరులో పుట్టి, చిన్ననాడే హైదరాబాదు చేరి, ఇక్కడే తెలుగు బోధిస్తూ 1973 వరకు జీవించారు. ప్రాచీనాంధ్ర నగరములు, మన తెలంగాణము ఆయన రచనలు. ఇద్దరూ చరిత్రకారులే. ఇద్దరికీ శాసనాలంటే ప్రాణం. వయసులో తేడా 18 ఏళ్ళు మాత్రమే.

పేరు కలవడంతోనే అయిపోతే ఇంత చిక్కు ఉండేది కాదు. ఇద్దరి జీవితాలూ ఒకే మనిషి చుట్టూ తిరిగాయి. ఆయన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించినవారిలో ఆయన, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ముఖ్యులు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి కూడా హైదరాబాదులోనే పుట్టింది, రెండేళ్ళకు మద్రాసుకు మారింది. చిలుకూరివారి ఆంధ్రుల చరిత్రమును అచ్చువేసింది ఆ మండలే. ఇక 1922లో హైదరాబాదులో ఆంధ్ర పరిశోధక మండలి ఏర్పడింది. మరుసటి ఏడాది లక్ష్మణరావు మరణించడంతో దానికి ఆయన పేరు పెట్టి లక్ష్మణరాయ పరిశోధక మండలి అన్నారు. 1935లో తెలంగాణ శాసనములు అనే సంపుటాన్ని వెలువరించింది ఈ మండలే. దానికి కార్యదర్శిగా శ్రమించినవారు ఆదిరాజు వీరభద్రరావు. ఇంతకూ 'లక్ష్మణరావు', 'లక్ష్మణరాయ' ఒకరేనని కంప్యూటర్‌కు తెలియదని మరచిపోకండి. రావు, రాయ, రాయలు అన్నవి ఒక మాటకే రూపాలని తెలుగు చదివిన మనకు తెలుసు.

నా తప్పు కూడా చెబుతాను

పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు నేనే ఈ గోతిలో పడ్డాను. ఒక గ్రంథాలయపు కార్డుల సొరుగులో 'వీరభద్రరావు' అన్న శీర్షిక కింద ఇద్దరి పుస్తకాలూ కలిసి ఉన్నాయి. ఇంటిపేరు కొన్ని కార్డుల మీద ఉంది, కొన్నింటి మీద లేదు. లేనివాటిని ఉన్నవాటితో కలిపేసుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ జాబితా చూసి ఒక సిద్ధాంతం కూడా అల్లాను. 1910లో రాజవంశాల గురించి రాసిన ఈ చరిత్రకారుడు, 1920ల తరువాత హైదరాబాదుకు వచ్చి, శాసనాల సేకరణలోకి, నగరాల చరిత్రలోకి, చివరకు తెలంగాణ ప్రాంతీయ చరిత్రలోకి మళ్ళాడని, తెలుగు చరిత్ర రచన ధోరణి మారిందనడానికి ఈ ఒక్క జీవితమే నిదర్శనమని ఇరవై పేజీలు రాశాను. చదవడానికి ఎంతో బాగుంది. ఒక పెద్దాయన ఆ కాగితాలు తిరగేసి ఒకటే అడిగారు: "ఈయన ఇంటిపేరేమిటి నాయనా?" నా దగ్గర జవాబు లేదు.

ఆ ఇరవై పేజీల్లో పుస్తకాల పేర్లు తప్పు కాదు, సంవత్సరాలు తప్పు కాదు. మనిషే లేడు. ఇద్దరిని కలిపి నేను తయారుచేసిన మూడో వీరభద్రరావు గురించి రాశాను. ఒకే పేరు వల్ల వచ్చే తప్పుల్లో ప్రమాదకరమైనది ఇదే. ఒక పుస్తకం ఒకరికి బదులు మరొకరి ఖాతాలో పడితే ఎవరో ఒకరు దిద్దుతారు. కానీ రెండు జీవితాలను కలిపి ఒక 'పరిణామం' కనిపెడితే దాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే కథ అతికినట్టే ఉంటుంది.

రావులు, రెడ్లు, ఒక రవి

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, పెట్టిన పేరు తరువాత వస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటే వంశనామం. ఆ పద్ధతికి అలవాటుపడిన సూచిక తయారీదారుడు, లేదా అతని సాఫ్ట్‌వేర్, మన పేరు చివర ఉన్న రావును, రెడ్డిని, శాస్త్రిని ఇంటిపేరుగా తీసుకుంటాడు. అప్పుడు చిలుకూరి, ఆదిరాజు, కొమర్రాజు, మాడపాటి అందరూ రావులనే ఒకే గుంపులో పడతారు. ఇంటిపేర్లు ఒక్కో అక్షరంగా కుదించుకుపోతాయి. 1912లో బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల సూచికను తయారుచేసిన బార్నెట్ ఈ పొరపాటు చేయలేదు. పెట్టిన పేరును ముందు వేసి ఇంటిపేరును వెనుక చేర్చాడు. నూరేళ్ళ తరువాతి యంత్రాలకన్నా ఆయన మన పేర్లను బాగా అర్థం చేసుకున్నాడని నా అభిప్రాయం.

నారాయణరెడ్డి అన్న పేరు తీసుకోండి. రావి నారాయణరెడ్డి తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు, 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికైనవారు. తన పోరాట అనుభవాలను గ్రంథంగా రాశారు. రావి అనేది ఆయన ఇంటిపేరు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రావికీ రవికీ తేడా ఉండదు కాబట్టి, అది ఆయనకు పెట్టిన పేరని ఎవరైనా పొరబడతారు. మరొకరు సి. నారాయణరెడ్డి, 1988 జ్ఞానపీఠ పురస్కార గ్రహీత, సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తెలుగు విశ్వవిద్యాలయానికీ ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు. ఆధునికాంధ్ర కవిత్వము మీద ఆయన సిద్ధాంత గ్రంథం లేకుండా ఆ అంశంపై పరిశోధన చేయలేరు. ఆయన ఇంటిపేరు సింగిరెడ్డి. ఇంగ్లీషులో మాత్రం సి అనే అక్షరంతో పొడి అక్షరం వేసుకున్నారు. అందువల్ల ఒక సూచికలో ఎస్ కింద, మరొకదానిలో సి కింద, ఇంకొకచోట సినారె అన్న కలంపేరు కింద కనిపిస్తారు. వీరభద్రరావుల విషయంలో ఇద్దరు ఒకరయ్యారు, ఇక్కడ ఒకరే ముగ్గురవుతారు. రెండు తప్పులూ ఒకే జబ్బు లక్షణాలు.

పుస్తకం పేరుతో వేరు చేద్దామంటే అదీ అన్నివేళలా కుదరదు. చిలుకూరివారిది ఆంధ్రుల చరిత్రము. బి.ఎస్.ఎల్. హనుమంతరావుగారిది ఆంధ్రుల చరిత్ర. సురవరం ప్రతాపరెడ్డిగారిది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. పైగా హనుమంతరావు అనగానే తెలంగాణా ఆంధ్రోద్యమము రాసిన మాడపాటి హనుమంతరావు గుర్తుకొస్తారు. ఒక పేరు చిక్కు విప్పబోతే ఇంకో పేరు చుట్టుకుంటుంది.

పూర్వకవులు ఏం చేశారు

మన ప్రాచీన కవులకు ఈ సమస్య తెలుసు. తిక్కన సోమయాజి ఉన్నాడు, అదే వంశంలో కత్తి పట్టిన ఖడ్గ తిక్కనా ఉన్నాడు. అందుకే ప్రబంధాల్లో ప్రతి ఆశ్వాసం చివర గద్య కనిపిస్తుంది. అందులో కవి తన తండ్రి పేరో, గురువు పేరో, తాను పొందిన బిరుదో చెప్పుకొని ఆ తరువాతే తన పేరు, కావ్యం పేరు చెబుతాడు. వ్రాతప్రతిలో మొదటి తాటాకులు పోయినా మధ్యలో ఏదో ఒక గద్య మిగిలి ఉంటుంది. దీన్ని అలంకారంగా చూసి దాటెయ్యకండి. అది కవి గుర్తింపు పత్రం.

అయినా చిక్కులు తీరలేదు. పాండురంగ మాహాత్మ్యము కర్త తెనాలి రామకృష్ణుడు, ఉద్భటారాధ్య చరిత్ర కర్త తెనాలి రామలింగడు. శైవుడైన రామలింగడే తరువాత వైష్ణవుడై రామకృష్ణుడయ్యాడని కొందరు, ఇద్దరూ వేరని కొందరు పండితులు వాదించారు. ఈ వాదంలో నిర్ణయానికి తొందరపడకుండా, ఎవరు ఏ ఆధారం మీద నిలబడి మాట్లాడుతున్నారో చూడడం మీకు మంచి అభ్యాసం.

ఆబిడ్స్ నుంచి నాంపల్లికి

హైదరాబాదులో ఉన్నవారు, లేదా తరగతులకు వచ్చేవారు, ఈ పనిని కాలినడకన నేర్చుకోవచ్చు. ఆబిడ్స్ అన్న పేరే ఆరవ నిజాం కొలువులో ఉన్న ఆబిద్ అనే ఆర్మీనియన్ నడిపిన దుకాణం వల్ల వచ్చింది. ఒక మనిషి పేరు ఊరి పేరైపోయింది. ఆదివారం దుకాణాలు మూసినప్పుడు అక్కడి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. కొనకపోయినా ఫరవాలేదు, ఒక పాత తెలుగు పుస్తకం చేతిలోకి తీసుకొని అట్టను వదిలేసి లోపలి ముఖపత్రం చూడండి. రచయిత పూర్తి పేరు, ప్రచురించిన సంస్థ, ముద్రణశాల, ఊరు అక్కడ ఉంటాయి. తరువాత పీఠిక చివరకు వెళ్ళండి. రచయిత సంతకం పక్కన ఊరు, తేదీ వేయడం ఆనాటి అలవాటు. తరచు తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. సాధారణ నామ సంవత్సరం అని ఉంటే అది 1910 కావచ్చు, 60 ఏళ్ళ చక్రం తిరిగి 1970 కూడా కావచ్చు. మొదటిది ఇద్దరు వీరభద్రరావులూ చూశారు, రెండవది ఆదిరాజువారు మాత్రమే చూశారు. అయితే మరణించిన తరువాత కూడా పుస్తకాలు మళ్ళీ అచ్చవుతాయి. ముఖపత్రం మీద 1939 తరువాతి సంవత్సరం ఉన్నంత మాత్రాన అది చిలుకూరివారిది కాదనకూడదు. పునర్ముద్రణేమో చూడాలి.

అక్కడికి దగ్గరలోనే తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు ఉంది. 1943లో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తుగా మొదలై, ఆంధ్ర సారస్వత పరిషత్తుగా ఎన్నో ఏళ్ళు నడిచి, ఇప్పుడు తెలంగాణ సారస్వత పరిషత్తు అయింది. ప్రచురణకర్త స్థానంలో ఈ మూడింటిలో ఏ పేరున్నా సంస్థ ఒకటే. పైగా పుస్తకం మీద ఏ పేరు ఉందన్నదే అది ఎప్పుడు అచ్చయిందో చెప్పే సాక్ష్యం. మనుషులకే కాక సంస్థలకూ పేర్ల పట్టిక రాసుకోవాలని దీనివల్ల తెలుస్తుంది. కోఠీ వైపు కొంత నడిస్తే సుల్తాన్‌బజార్‌లో భాషానిలయం. ఆదిరాజువారి తరం రాసిన పుస్తకాల కోసం నేను ముందు వెళ్ళే చోటు అదే. పాత పత్రికల సంపుటాలు అడగండి. పత్రికలో వ్యాసం అచ్చయినప్పుడు రచయిత పేరుతో పాటు ఊరు వేసేవారు, ఆ ఒక్క మాటతో సగం సందేహాలు తీరుతాయి.

నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ ప్రాంగణంలో 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. తరువాత పొట్టి శ్రీరాములు పేరు, 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు దానికి వచ్చాయి. ఇక్కడి సిద్ధాంత గ్రంథాలను మీరు వ్యాసంలో ఉదాహరించేటప్పుడు గ్రంథం మీద అప్పుడు అచ్చయిన పేరే రాయండి, నేటి పేరు దిద్దవద్దు. బాచుపల్లిలో కొత్త ప్రాంగణం వచ్చింది కాబట్టి బయలుదేరే ముందు మీకు కావలసిన విభాగం ఎక్కడ ఉందో ఫోనులో కనుక్కోండి. దూరం నుంచి బస్సులో వచ్చి తాళం చూసి వెనుదిరిగిన విద్యార్థులు నాకు తెలుసు. ఒక సలహా: ఏ గ్రంథాలయంలోనైనా రచయిత జాబితాతో ఆగకుండా విషయ జాబితా కూడా చూడండి. ఆదిరాజువారి పుస్తకం రచయితల వరుసలో తప్పు చోట పడినా, కాకతీయులు అన్న విషయం కింద సరైన చోట దొరకవచ్చు.

తెర మీద వెతికేవారికి

అందరూ హైదరాబాదు రాలేరు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, వాటిలో చాలావాటిని ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవవచ్చు. మనవంటి వారికి ఇది పెద్ద వరం. కానీ పుస్తకం వివరాలను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించినవారు దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాశారు, సున్నాకు మధ్యలో ఒక గుర్తు పెట్టారు, కొన్నిచోట్ల రచయిత గడిలో సంపాదకుడి పేరు వేశారు, కొన్నిచోట్ల ఏమీ వేయలేదు. వీరభద్ర అన్న మాటనే మూడు నాలుగు విధాల రాయవచ్చు. రావు అన్నదానికి పాత మద్రాసు పద్ధతి స్పెల్లింగు వేరు. తెలుగు లిపిలో వెతికినా వీరభద్రరావు అని కలిపి రాస్తే ఒక ఫలితం, వీరభద్ర రావు అని విడదీస్తే మరొక ఫలితం. ఒక్కసారి వెతికి దొరకలేదని రాయడం పరిశోధన కాదు. రూపాలన్నీ కాగితం మీద రాసుకొని ఒక్కొక్కటే వెతికి, ఏ తేదీన ఏది వెతికారో పక్కన టిక్కు పెట్టుకోండి.

నేటి పరిశోధకులకు 2012 నుంచి ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య దొరుకుతోంది. దేశంలోని సిద్ధాంత గ్రంథాలను శోధగంగ భాండారంలో చదవవచ్చు. పేరు మార్చుకున్నా, పెళ్ళి తరువాత ఇంటిపేరు మారినా ఆ సంఖ్య మారదు. మీరు పరిశోధనలోకి వెళితే మొదటి వ్యాసం నాడే అది తీసుకోండి. 1939లో వెళ్ళిపోయిన చిలుకూరివారికి, 1973లో వెళ్ళిపోయిన ఆదిరాజువారికి ఎవరు ఇస్తారు? వారి విషయంలో ఆ పని మీరూ నేనూ చేయాలి. మనిషికొక పుట కేటాయించండి. ఇంటిపేరు, పుట్టిన ఊరు, జనన మరణాలు, ఉద్యోగం చేసిన చోట్లు, పుస్తకాలు వేసిన సంస్థలు, కలంపేర్లు రాయండి. ఒక పుస్తకాన్ని ఆ పుటలో చేర్చడానికి కనీసం రెండు ఆధారాలు కలవాలి. పేరు మాత్రమే కలిస్తే పుస్తకాన్ని విడిగా ఉంచండి.

ఎందుకింత పట్టుదల

పేర్ల విషయంలో ఇంత చాదస్తమెందుకని విద్యార్థులు అడుగుతుంటారు. 1930లలో నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే సున్న అని, ఒక వ్యాసం వచ్చింది. గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి దానికి జవాబుగా వ్యాసం రాసి ఊరుకోలేదు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో కవుల పేర్లు, పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో లెక్కకు వచ్చిన కవులు 354 మంది. సున్న అన్నచోట 354. ఆ వ్యాసకర్తకు కవుల మీద కోపమేమీ ఉండి ఉండదు, ఆయన చూసిన జాబితాల్లో వారు లేరు, అంతే.

ఇప్పుడు నా ఇరవై పేజీలను మళ్ళీ తలచుకోండి. నేను కలిపేసిన ఇద్దరిలో మరుగున పడేది ఎవరు? ఆంధ్రుల చరిత్రము పేరు తెలియని తెలుగు విద్యార్థి ఉండడు, కాబట్టి చిలుకూరివారి పేరు నిలిచే ఉంటుంది. పల్లెల్లో తిరిగి శాసనాలు సేకరించిన పరిశోధక మండలి, హైదరాబాదు పాఠశాలలో పాఠాలు చెబుతూ దాని బాధ్యత మోసిన దెందుకూరు మనిషి, ఆయన రాసిన మన తెలంగాణము, ఇవన్నీ ఇంకొకరి జీవితంలో చివరి అధ్యాయం అయిపోతాయి. కార్డు మీద ఇంటిపేరు రాయని ఒక గుమాస్తా, దాన్ని చూసుకోని ఒక పరిశోధకుడు చాలు ఇందుకు.

అభ్యాసం

హనుమంతరావు అనే పేరుతో ఒక గ్రంథాలయ సూచికలో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. దొరికిన చరిత్ర, సాహిత్య గ్రంథాల్లో 15 తీసుకొని, మాడపాటివారివి ఏవో, బి.ఎస్.ఎల్. గారివి ఏవో, ఇతరులవి ఏవో మనిషికొక పుటగా వేరు చేయండి. ప్రతి పుస్తకానికి మీరు ఆనుకున్న రెండు ఆధారాలను, అవి కనిపించిన పుట సంఖ్యతో రాయండి. ఏ పుటలోనూ చేరని పుస్తకాలు మూడు నాలుగైనా మిగులుతాయి. వాటిని బలవంతంగా ఎవరికీ అంటగట్టకుండా 'కర్త నిర్ధారణ కాలేదు' అని రాసి, కాగితం చివర విడిగా జతచేసి మీ అధ్యయన కేంద్రంలో ఇవ్వండి. ఆ చివరి కాగితానికి కూడా మార్కులున్నాయి.